ఉక్కు లెక్కలో మా జిల్లా ఫర్నేసులనూ చేర్చండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం.

విశాఖ ఉక్కు కర్మాగారం భవితవ్యంపై మీ పత్రికలో వస్తున్న వార్తలనూ వ్యాసాలనూ కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. ప్రైవేటీకరణ నిర్ణయం, సొంత ఇనుప గనులు లేకపోవడం, అప్పుల భారం, కేంద్రం ప్రకటించిన ప్యాకేజీ, ఇలా ఎన్నో అంశాలు చర్చకు వస్తున్నాయి. అవన్నీ రావలసినవే. అయితే ఆ చర్చ దాదాపు ప్రతిసారీ కర్మాగారం ఉన్న కూర్మన్నపాలెం గేటు దగ్గర మొదలై అక్కడే ముగుస్తోంది. ఉక్కు తయారీకి తప్పనిసరి అయిన మాంగనీసు ఖనిజం మా విజయనగరం జిల్లా నేలలో ఉన్నదనీ, దాన్ని ఉక్కులో కలపడానికి వీలైన లోహంగా మార్చే ఫర్నేసులు గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లో కొన్నాళ్లు నడుస్తూ కొన్నాళ్లు ఆగిపోతూ అవస్థ పడుతున్నాయనీ ఆ చర్చలో ఎవరూ ప్రస్తావించడం లేదు. ఈ ఉత్తరం ఆ ఫర్నేసుల గురించి.

నేను ఈ జిల్లాలోనే ఒక ఫెర్రో అల్లాయ్స్ (ఇనుముతో మాంగనీసు, సిలికాన్ వంటివి కలిపిన మిశ్రలోహాలు) కర్మాగారంలో ఫర్నేసు మీద షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ణి. ఉక్కు తయారుచేసిన అనుభవం నాకు లేదు, కానీ ఉక్కు తయారుచేసేవారు మా సరుకు కోసం ఎదురుచూసిన రోజులు తెలుసు. ఈ రెండు పరిశ్రమలూ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో పాఠకులకు తెలిస్తే, ఫెర్రో ఫర్నేసు ఆగిపోయిందన్న వార్తను ఏదో ఒక ప్రైవేటు యజమాని నష్టంగా కొట్టిపారెయ్యరని నా నమ్మకం.

బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప ఖనిజం, కోకు (కాల్చి శుద్ధి చేసిన బొగ్గు), సున్నపురాయి పైనుంచి వేసి, కింది నుంచి వేడిగాలి ఊదితే అడుగున కరిగిన ఇనుము దిగుతుంది. అందులో కర్బనం నూటికి నాలుగు పాళ్లకు పైగా ఉంటుంది కాబట్టి అది పెళుసుగా ఉంటుంది. దెబ్బ పడితే పగులుతుంది, వంచితే విరుగుతుంది. దానిని కన్వర్టర్ అనే పెద్ద పాత్రలోకి పోసి, పైనుంచి లాన్సు అనే గొట్టం ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను అమిత వేగంతో ఇరవై నిమిషాల లోపే ఊది, కర్బనాన్నీ సిలికాన్‌నూ భాస్వరాన్నీ కాల్చి వదిలిస్తారు. చాలామంది ఉక్కు తయారీ అక్కడితో అయిపోయిందనుకుంటారు. నిజానికి చిక్కు అక్కడే మొదలవుతుంది. మలినాలను కాల్చిన ఆక్సిజన్‌లో కొంత ఆ ద్రవంలోనే కరిగి మిగిలిపోతుంది. అలాగే పోతపోస్తే గడ్డకట్టే వేళ వాయువు వెలువడి లోపల బుడగలు పడతాయి. పైగా కోకు నుంచి వచ్చిన గంధకం ఇనుముతో కలిసి, రోలింగు మిల్లు వేడికి కరిగిపోయే సన్నని పొరగా లోహపు రేణువుల మధ్య పేరుకుంటుంది. ఆ స్థితిలో దిమ్మను రోలర్ల మధ్యకు పంపితే అది సాగదు, నెరెలు విచ్చుతుంది. ఈ రెండు జబ్బులకూ కలిపి పనిచేసే మందు మాంగనీసు. అది ఆక్సిజన్‌ను పట్టుకుని స్లాగులోకి, అంటే కరిగిన లోహంపై తేలే మలినాల తెట్టులోకి తీసుకుపోతుంది. గంధకాన్ని ఇనుముకు దక్కనివ్వకుండా తనతో కలుపుకుని, ఆ వేడికి కరగని రేణువులుగా మార్చేస్తుంది. ఆ పనులు పోను ఉక్కులో మిగిలిన మాంగనీసు దానికి బలాన్నిస్తుంది.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదని చెప్పడానికి చరిత్రలోనే నిదర్శనం ఉంది. 1856లో ఇంగ్లండులో హెన్రీ బెస్సెమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊది చవకగా ఉక్కు చేసే పద్ధతిని ప్రకటించినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది. లైసెన్సు కొనుక్కున్న ఫ్యాక్టరీల వారు తమ దగ్గర ఆ పద్ధతిని ప్రయోగించి చూస్తే మాత్రం వచ్చిన ఉక్కు మిల్లులో పగిలిపోయింది. వారు వాడిన ఇనుములోని భాస్వరం ఒక కారణం. మిగిలిపోయిన ఆక్సిజన్, గంధకం మరో కారణం. రాబర్ట్ మషెట్ అనే లోహశాస్త్రజ్ఞుడు మాంగనీసు ఎక్కువగా ఉన్న ఇనుమును చివరలో కలపడం ద్వారా రెండో సమస్యను పరిష్కరించాడు. ఆ తరువాతే చవక ఉక్కు రైలు పట్టాలుగా, వంతెనలుగా, ఓడలుగా ప్రపంచమంతటా వ్యాపించింది. 1882లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ నూటికి పన్నెండు పాళ్లకు మించి మాంగనీసు కలిపి, దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడే ఉక్కును తయారుచేశాడు. క్వారీల్లో రాయి పిండిచేసే క్రషర్ దవడలకూ, పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగులకూ నేటికీ ఆ ఉక్కునే వాడుతున్నారు.

మీ పాఠకులు ఇల్లు కట్టుకుంటే కొనే టీఎంటీ కడ్డీలో సాధారణంగా నూటికి అర పాలు నుంచి ఒక పాలు దాకా మాంగనీసు ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే ఒక టన్ను ఉక్కుకు పది కిలోల మాంగనీసు మిశ్రలోహం కావాలి. పది కిలోలేగదా అనిపిస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం తన పూర్తి సామర్థ్యమైన 73 లక్షల టన్నుల మేరకు నడిస్తే, ఆ లెక్కన ఏడాదికి 70 వేల టన్నులకు పైగా మాంగనీసు మిశ్రలోహాలు దానికొక్కదానికే అవసరమవుతాయి. 2017 నాటి జాతీయ ఉక్కు విధానం 2030-31 నాటికి దేశంలో 30 కోట్ల టన్నుల ఉక్కు సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ స్థాయికి చేరితే ఏడాదికి దాదాపు 30 లక్షల టన్నుల ఫెర్రో మాంగనీసు, సిలికో మాంగనీసు అనే ఈ మిశ్రలోహాలు కావాలి. అవి ఎవరు తయారుచేస్తారు, ఎక్కడ తయారుచేస్తారు అన్న ప్రశ్న లేకుండా ఉక్కు లక్ష్యాలను గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది.

ఇక మా జిల్లా సంగతి. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో, అప్పటి విశాఖపట్టణం జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతంలోనే. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోని పెద్ద గనుల పేర్లు అందరికీ తెలుసు కానీ, వాటికంటే ముందు చీపురుపల్లి చుట్టుపక్కల కోడూరు, గర్భాం గనుల నుంచి ఖనిజం ఓడలెక్కింది. దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నిటినీ పరిశీలించి 1909లో బృహత్తర గ్రంథాన్ని వెలువరించిన భూగర్భ శాస్త్రజ్ఞుడు లూయీ ఫెర్మార్ ఇక్కడి విలక్షణమైన శిలకు కోడూరు ఊరి పేరే పెట్టి కోడురైట్ అన్నాడు. భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థులకు ఆ పేరు పాఠంలో ఉంటుంది. కోడూరు మీదుగా రోజూ బస్సులో వెళ్లే మన పిల్లల్లో ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

ఆ శిలలోనే మా ఖనిజానికి ఉన్న లోపం కూడా దాగి ఉంది. కోడురైట్‌లో ఫెల్‌స్పార్, గార్నెట్‌లతో పాటు అపటైట్ ఉంటుంది. అపటైట్ అంటే భాస్వరం ఉన్న ఖనిజం. ఎరువుకు భాస్వరం వరమే కాని ఉక్కుకు శత్రువు. చలికి ఉక్కును పెళుసు చేస్తుంది. ఫెర్రో ఫర్నేసులో ఖనిజంలోని భాస్వరం దాదాపు అంతా లోహంలోకే దిగుతుంది, స్లాగులోకి పోదు. అందుకే మా దగ్గరి ఖనిజాన్ని ఒక్కదాన్నే వాడటం కుదరదు. దక్షిణాఫ్రికా, గాబన్, ఆస్ట్రేలియా దేశాల నుంచి ఓడల్లో వచ్చే మేలురకం ఖనిజంతో పాళ్లు చూసుకుని కలపాలి. ఆ పాళ్లు కుదర్చడంలోనే లాభనష్టాలు తేలిపోతాయి. దిగుమతి ఖనిజం ఎక్కువైతే ఖర్చు పెరుగుతుంది, స్థానిక ఖనిజం ఎక్కువైతే లేబొరేటరీ నుంచి భాస్వరం మించిందని చీటీ వస్తుంది, సరుకు వెనక్కి వస్తుంది.

ఫర్నేసు అన్నాను కాబట్టి అది ఎలా ఉంటుందో చూడని వారికోసం నాలుగు మాటలు చెప్పాలి. అది పెద్ద గుండ్రటి ఉక్కు తొట్టి. లోపల కార్బన్ లైనింగు. పైనుంచి మూడు ఎలక్ట్రోడ్లు త్రిభుజాకారంలో ఖనిజం, కోకు, క్వార్ట్జ్ కలిపిన చార్జిలోకి దిగి ఉంటాయి. ఎలక్ట్రోడ్ అంటే తయారై వచ్చే కడ్డీ కాదు. పల్చటి రేకు గొట్టంలో పైనుంచి కార్బన్ పేస్టు నింపుతూ పోతారు. అది ఫర్నేసు వేడికీ కరెంటు వేడికీ మెత్తబడి, కాలి, గట్టిపడి, దిగువన అరుగుతున్నకొద్దీ పైనుంచి దిగుతూ ఉంటుంది. కొన్ని గంటలకొకసారి ట్యాపింగు, అంటే కరిగిన లోహాన్ని బయటికి వదలడం. మట్టితో బిగించిన టాప్‌హోల్ అనే రంధ్రాన్ని ఆక్సిజన్ లాన్సుతో కాల్చి తెరిస్తే, 1,400 డిగ్రీలు దాటిన లోహమూ స్లాగూ కలిసి లాడిల్ అనే పెద్ద పాత్రలోకి దూకుతాయి. ముందు నిలబడిన మనిషి ముఖానికి నీలి అద్దం, ఒంటికి మందపాటి కోటు ఉన్నా మేలోనే కాదు, జనవరిలోనూ చొక్కా పిండితే చెమట కారుతుంది. ధార పల్చగా, చురుగ్గా వస్తోందా, జిగటగా వస్తోందా అన్నది చూసి లోపల ఏమి జరుగుతోందో చెప్పగలిగిన వాళ్లు మా దగ్గర ఉండేవారు. వారిలో చాలామంది ఈ చుట్టుపక్కల ఊళ్లలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చి, ఫర్నేసు దగ్గరే పని నేర్చుకున్నవారు.

ఈ ఫర్నేసు తినే ముఖ్యమైన తిండి కరెంటు. ఒక టన్ను సిలికో మాంగనీసుకు సుమారు 4,000 యూనిట్లు, ఫెర్రో సిలికాన్‌కైతే 8,500 యూనిట్ల వరకు ఖర్చవుతాయి. మామూలు కర్మాగారంలో కరెంటు యంత్రాలను తిప్పుతుంది. ఇక్కడ కరెంటే ఖనిజాన్ని కరిగిస్తుంది, ఆ వేడిలోనే ఖనిజంలోని ఆక్సిజన్‌ను కోకు లాగేస్తుంది. కాబట్టి దీనిని ముడిసరుకుగా లెక్కించాలి తప్ప ఖర్చుల పద్దులో లైటు బిల్లుగా రాసుకోకూడదు. 2022లో రాష్ట్రంలో పరిశ్రమలపై విద్యుత్ సుంకాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి 1 రూపాయికి పెంచారు. బిస్కెట్ల ఫ్యాక్టరీకి అది కొంత భారం. సిలికో మాంగనీసు తయారుచేసే ఫ్యాక్టరీకి టన్నుకు 240 రూపాయలున్న సుంకం ఒక్కసారిగా 4,000 రూపాయలైంది. దానిపైన ఇంధన సర్దుబాటు చార్జీలు వేరు. ఒడిశాలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో సొంత బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్న యూనిట్‌తో ఆ ధరకు పోటీ పడటం ఎవరి తరమూ కాదు. ఆ తరువాతి సంవత్సరాల్లో కరెంటు చార్జీలు భరించలేక ఫర్నేసులు ఆపుకున్న యూనిట్ల వార్తలు మీ పత్రిక జిల్లా పేజీల్లోనే వచ్చాయి. రాయితీ ప్రకటించడం, గడువు తీరాక మళ్లీ అడిగించుకోవడం అనే పద్ధతి వల్ల కూడా పెద్ద ఉపకారం జరగదు. వచ్చే ఏడాది కరెంటు ధర ఎంతో తెలియని వాడు ఉక్కు కర్మాగారంతో దీర్ఘకాల ఒప్పందం ఎలా కుదుర్చుకుంటాడు?

ఇక్కడ ఒక సాంకేతిక విషయం నొక్కి చెప్పాలి, ఎందుకంటే అధికారులతో మాట్లాడినప్పుడల్లా ఇది వారికి అర్థమైనట్లు నాకు అనిపించలేదు. ఫెర్రో ఫర్నేసును మిల్లు మోటారు లాగా ఆపి, మళ్లీ స్విచ్ వేసి నడపలేరు. కొన్ని గంటలపాటు కరెంటు పోతేనే ఎలక్ట్రోడ్ చల్లబడి సంకోచిస్తుంది. మళ్లీ లోడు ఇచ్చేటప్పుడు తొందరపడితే మధ్యకు విరిగి చార్జిలో పడుతుంది. విరిగిన ముక్కను తీయడానికి మనుషులు ఫర్నేసు మీదికి వెళ్లాలి. అది ప్రమాదకరమైన పని. ఆ పనిలో ఒళ్లు కాలిన తోటివారిని నేను చూశాను. నెలల తరబడి ఆపితే లోపలి లోహం గడ్డకట్టి, లైనింగు పాడై, తిరిగి వెలిగించడానికి రోజుల తరబడి తక్కువ లోడు మీద ఎలక్ట్రోడ్లను కాల్చుకోవలసి వస్తుంది. ఈలోగా నైపుణ్యం ఉన్న మనుషులు ఊరు వదిలి వెళ్లిపోతారు. ఉత్తరాంధ్రకు వలస కొత్త కాదు; గుజరాత్, చెన్నై, హైదరాబాద్ ఎక్కడికైనా మనవాళ్లు వెళతారు. కానీ ఫర్నేసు ధారను చూసి లోపలి స్థితి చెప్పగల మనిషి ఒకసారి అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లిపోయాక, ఆ పనితనం తిరిగి రాదు. నాకు ఈ పరిశ్రమలో అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

విశాఖ ఉక్కుకూ మా జిల్లాకూ ఉన్న బంధం ఫెర్రో మిశ్రలోహాలతో ఆగదు. ఆ కర్మాగారానికి ఇనుప గనులు లేవని అందరూ అంటారు, అది నిజమే. అయితే దానికి గర్భాంలో మాంగనీసు గని, నెల్లిమర్ల దగ్గర సారిపల్లిలో ఇసుక గని ఉన్న సంగతి చాలామందికి తెలియదు. బైలదిల్లా నుంచి దానికి ఇనుప ఖనిజం వచ్చే రైలుమార్గం కలిసేది మా కొత్తవలసలోనే. ఆ మార్గాన్ని 1960లలో వేసింది మన కర్మాగారం కోసం కాదు, జపాన్‌కు ఖనిజాన్ని ఎగుమతి చేయడానికి. మన ఖనిజం మన రేవు మీదుగా వెళ్లి ఇంకో దేశంలో ఉక్కు కావడం, ఇక్కడ కర్మాగారం పెట్టడానికి మాత్రం కాలయాపన జరగడం చూసినప్పుడే 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం అంత బలంగా పుట్టింది. తెన్నేటి విశ్వనాథం గారు ముందుండి నడిపిన ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, మరుసటి ఏడాది జనవరిలో శంకుస్థాపన జరిగింది, కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడానికి మాత్రం 1992 ఆగస్టు దాకా పట్టింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న దానిని 2021 జనవరిలో నూటికి నూరు శాతం విక్రయించాలని నిర్ణయించారు. 2024లో ముడిసరుకుకూ నిర్వహణ నిధులకూ కొరత వచ్చి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు ఒక దశలో ఒక్కటే నడిచింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. దానిని నేను హృదయపూర్వకంగా స్వాగతిస్తున్నాను. అయితే పెద్ద కర్మాగారం ఊపిరి పీల్చుకున్నప్పుడు దానికి సరుకు అందించే చిన్న ఫర్నేసులు ఆరిపోయి ఉంటే, ఆ ప్యాకేజీ డబ్బులో కొంత వేరే రాష్ట్రాల ఫెర్రో యూనిట్లకు చేరుతుంది. ఉత్తరాంధ్రలో మిగలవలసిన పని ఉత్తరాంధ్ర దాటిపోతుంది.

నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలుసు. అందులో మొదటిది, రైతుకూ ఇంటికీ కావలసిన కరెంటును ఇన్ని వేల యూనిట్లు మింగే ఫర్నేసుకు తక్కువ ధరకు ఎందుకివ్వాలి, యూనిట్ కరెంటుకు ఎన్ని ఉద్యోగాలు వస్తున్నాయి అన్నది. న్యాయమైన ప్రశ్న. కరెంటు వాడకంతో పోలిస్తే ఫెర్రో పరిశ్రమలో ఉద్యోగాలు తక్కువే, అది దాచవలసిన విషయం కాదు. కానీ పంపిణీ సంస్థ వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఇళ్ల వాడకం సాయంత్రం పెరిగి అర్ధరాత్రి దాటాక పడిపోతుంది. ఫెర్రో ఫర్నేసు పగలూ రాత్రీ, వేసవీ వర్షాకాలమూ తేడా లేకుండా ఒకే లోడు తీసుకుంటుంది. హెచ్చు వోల్టేజీలో నేరుగా తీసుకుంటుంది కాబట్టి లైన్లలో నష్టం తక్కువ. బిల్లు వసూలుకు ఒక్క మీటరు చాలు. అర్ధరాత్రి వేళ కొనేవాడు లేని కరెంటుకు నికరమైన కొనుగోలుదారు దొరకడం పంపిణీ సంస్థకు లాభమే. ఆ లాభాన్ని లెక్కగట్టి ధరలో చూపమని అడగడాన్ని దానం అడగడంగా చూడకూడదు. ఫెర్రో యూనిట్లకు టారిఫ్‌లో ఒకప్పుడు ప్రత్యేక వర్గం ఉండటానికి కారణం కూడా ఇదే.

రెండో అభ్యంతరం పొగ. దీనిపై నేను యజమానుల పక్షం మాట్లాడను. పొగలోని ధూళిని పట్టే బ్యాగ్ ఫిల్టర్లు పెట్టినట్లు కాగితాల మీద చూపించి, రాత్రి వేళ ఫ్యాన్లు ఆపి పొగను నేరుగా వదిలే యూనిట్లు ఉన్నాయని చుట్టుపక్కల ఊళ్లవారు చేసే ఫిర్యాదులో నిజముంది. ఆ ధూళి మామిడి ఆకుల మీదా మంచినీటి తొట్ల మీదా పడుతుంది. మాంగనీసు ధూళిని ఏళ్ల తరబడి పీల్చితే నరాల వ్యవస్థ దెబ్బతింటుందని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. కాబట్టి కరెంటు ధరలో ఉపశమనం పొందే ప్రతి యూనిట్‌లోనూ ఫిల్టరు ఫ్యాన్లకు విడిగా మీటరు పెట్టించాలి, ఫర్నేసు నడిచిన గంటలకూ ఫ్యాను నడిచిన గంటలకూ తేడా వస్తే ఆ నెల రాయితీ నిలిపివేయాలి. ఇది కష్టమైన పని కాదు, రెండు మీటర్ల రీడింగులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. మా రోజుల్లో ఇలాంటి నియమం ఉండి ఉంటే నాతో పనిచేసిన కొందరి ఆరోగ్యం మెరుగ్గా ఉండేది.

మరి ఏం చేయాలి? అన్నిటికంటే ముందు, ఫెర్రో మిశ్రలోహాలకు కరెంటు ధరను కనీసం ఐదేళ్లకు ఒకేసారి ఖరారు చేయాలి. ఆ ధర దేశంలోకెల్లా తక్కువ ఉండాలని నేను కోరడం లేదు, నిలకడగా ఉండాలని కోరుతున్నాను. ఆ నిలకడ ఉంటే విశాఖ ఉక్కు కర్మాగారం తన అవసరంలో ఒక నిర్ణీత భాగాన్ని ఉత్తరాంధ్ర యూనిట్ల నుంచి దీర్ఘకాల ఒప్పందంతో కొనే ఏర్పాటు సాధ్యమవుతుంది. ఇంత దగ్గరలో తయారయ్యే సరుకుకు రవాణా ఖర్చు తక్కువ, నిల్వ పెట్టుకోవలసిన అవసరం తక్కువ. నిర్వహణ నిధులకు కటకట పడే కర్మాగారానికి అది చిన్న సౌకర్యం కాదు.

ఇంకొక పని ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది. చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం ప్రాంతాల్లో పాత గనుల పక్కన నాసిరకం ఖనిజమూ పొడీ గుట్టలుగా మిగిలి ఉన్నాయి. వానకు ఆ పొడి కొట్టుకొచ్చి పొలాల్లో చేరుతోంది. దానిలోని మాంగనీసును నీటిలో కుదిపి బరువైన రేణువులను విడదీసే జిగ్గింగు ద్వారా, అయస్కాంత పద్ధతి ద్వారా వేరుచేయడానికి వీలుంది. భాస్వరాన్ని తగ్గించడం కష్టమే కాని, అందుకు ప్రయోగాలు జరగాలి. భువనేశ్వర్‌లోని ఖనిజ, పదార్థ సాంకేతిక సంస్థ, జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహ పరిశోధనశాల ఇలాంటి పని కోసమే ఉన్నాయి. విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో మెటలర్జీ శాఖ ఉంది. ఆ పిల్లలు ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడికో వెళ్లే బదులు, తమ కళాశాలకు గంట ప్రయాణంలో ఉన్న గుట్టల నుంచి నమూనాలు తెచ్చి పరీక్షించేలా ఆచార్యులు ప్రోత్సహిస్తే ఎంత బాగుంటుంది! ఒక్కో గుట్టలో మాంగనీసు ఎంత, భాస్వరం ఎంత, ఏ సైజు పొడిలో ఏది ఎక్కువ అన్న పట్టిక తయారైతే, అది చూసి పెట్టుబడి పెట్టడానికి ముందుకొచ్చేవారు తప్పకుండా ఉంటారు. సిలికో మాంగనీసు స్లాగును రోడ్ల పనిలో కంకరకు బదులుగా వాడవచ్చు; జిల్లాలో రోడ్ల కోసం కొండలు తొలచడం ఆ మేరకు తగ్గుతుంది. రోడ్లు, భవనాల శాఖ ఇంజనీర్లు పరీక్షలు చేయించి, టెండరు నిబంధనల్లో దీనికి చోటు కల్పించాలి.

ఉక్కుకు పరిశ్రమల్లో ఉన్న స్థానాన్ని గురించి వేరే రుజువులు అక్కరలేదు. 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను నేలమట్టం చేసినప్పుడు, ఉద్దానంలో కరెంటు స్తంభాలు వేలల్లో కూలినప్పుడు, సరఫరా తిరిగి రావడానికి తీగలు, స్తంభాలు, టవర్ల యాంగిల్స్ లారీల్లో ఎంత వేగంగా చేరితే అంత త్వరగా ఊళ్లకు వెలుగొచ్చింది. తోటపల్లి, గొట్టా బ్యారేజీల గేట్ల నుంచి రైసుమిల్లు షాఫ్టు వరకు, నాగలి కర్రు నుంచి నాగావళి మీది రైలు వంతెన వరకు అంతా ఉక్కే. అలాంటి సరుకుకు ప్రాణం పోసే లోహాన్ని తయారుచేయగల నేల, మనుషులు, ఫర్నేసులు మూడూ మన దగ్గరే ఉన్నాయి.

విద్యుత్ నియంత్రణ మండలి ఏటా కొత్త టారిఫ్‌ను ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ జరుపుతుంది. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రతిపాదనలపై ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చు. యజమానుల సంఘాలు తమ వాదన తాము వినిపిస్తాయి. కార్మికుల తరఫున, గనుల చుట్టూ ఉన్న గ్రామాల తరఫున, ఫిల్టర్ల మీటర్ల షరతుతో సహా వినతిపత్రం పంపడానికి గరివిడి ప్రాంతంలోని మా పాత సహోద్యోగులం కొందరం సిద్ధమవుతున్నాం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల శాసనసభ్యులూ పార్లమెంటు సభ్యులూ పార్టీలతో నిమిత్తం లేకుండా ఆ విచారణకు స్వయంగా హాజరై మాట్లాడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. విచారణ తేదీ ప్రకటించగానే దానిని జిల్లా పేజీలో ఒక మూల వేసి సరిపెట్టకుండా, నడుస్తున్న ఫర్నేసులెన్ని, ఆగినవెన్ని, ఎందుకు ఆగాయన్న వివరాలను మీ విలేకరుల చేత సేకరింపజేసి మొదటి పేజీలో ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఫెర్రో అల్లాయ్స్ విశ్రాంత ఉద్యోగి,
గరివిడి, విజయనగరం జిల్లా.